డాక్టరు ఇచ్చిన కాగితంలో మీరు మొదట ఏమి రాస్తారు?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం) – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా, పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌తో కాపురం చేస్తున్నాను. వయసు 31. బ్యాంకులో ఉద్యోగం, పెళ్లయి నాలుగేళ్లు. మొదటి ఏడాదిన్నర మొలలని చెప్పి మందులిచ్చారు. ఆ కథ ఇక్కడ చాలామందిదే కాబట్టి వదిలేస్తాను.

ఈ ఏడాది ఇది మూడో స్టెరాయిడ్ కోర్సు. ఇక వీటి మీద బండి నడపడం కుదరదని, వేరే మందుకు మారాల్సిందేనని డాక్టరు చెప్పారు. అజాథయోప్రిన్, టోఫాసిటినిబ్ మాత్రలు, లేదంటే ఇంజెక్షన్లు. ఆ తరువాత ఒక కాగితం చేతికిచ్చారు. "వచ్చే ఏడాదిలో మీకు ఏమి మారాలి? ముఖ్యమైనది ముందు రాయండి" అని పైన ఒక వాక్యం, కింద నాలుగు ఖాళీ గీతలు.

బయట బల్ల మీద కూర్చుని రాశాను. పక్కన మా ఆయన. మొదటి గీత మీద "రక్తం ఆగాలి". రెండో దాని మీద "నీరసం తగ్గాలి". మిగిలిన రెండూ ఖాళీగా ఇచ్చేశాను.

మా పిన్ని కొడుక్కి, అంటే నాకు తమ్ముడికి, ఇదే జబ్బు. విశాఖలో అదే డాక్టరు దగ్గర చదువుకున్న ఆయనే చూస్తారు. తమ్ముడికీ ఇలాంటి కాగితమే ఇచ్చారట. మొదటి గీత "ఉద్యోగం పోకూడదు", రెండోది "ఖర్చు". ఒకే ఇంటి రక్తం, ఒకే జబ్బు, ఒకే మందులు. ఇద్దరి కాగితాల్లో ఒక్క మాట కూడా కలవలేదు.

మీరైతే ఏమి రాసేవారు? డాక్టరుకు నచ్చే జవాబు వద్దు.

---

సూటిమాట (హైదరాబాద్) – ఆదివారం, రాత్రి 10:15

నాది క్రోన్స్, పేగులో ఎక్కడైనా పుండ్లు పడే ఇలాంటి జబ్బే. తొమ్మిదేళ్లు. నా దృష్టిలో ఈ కాగితమే అనవసరం. లోపల పుండ్లు మానాలి, అంతే. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మందు పడేది పేగు మీద. ఆడ, మగ, పల్లె, పట్నం అన్న తేడా పేగుకు తెలియదు.

నాకు రక్తపరీక్ష, పేగు వాపు తెలిపేందుకు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, ఏడాదికోసారి కొలనోస్కోపీ (కెమెరాతో పేగు చూడటం). అంకెలు బాగుంటే బాగున్నట్టు. "నాకు బాగుంది" అనుకుని మందు ఆపి, పేగు సన్నబడి ఆపరేషన్ దాకా వెళ్లినవాణ్ణి. అందుకే మన ఇష్టాయిష్టాలు అడగడం ప్రమాదమనిపిస్తుంది.

---

తెల్లకోటు కాదు (హైదరాబాద్) – ఆదివారం, రాత్రి 11:02

ఇక్కడ కొత్తగా చేరినవారికి: నేను నర్సును. పొట్ట మీద మలం చేరే సంచి పెట్టించుకున్నవారికి దాన్ని ఎలా అతికించుకోవాలో నేర్పడం నా పని. డాక్టరును కాను, మందులు రాయను.

సూటిమాట గారూ, పుండ్లు మానాలన్నది నిజం. కానీ మీరు చెప్పే "మానడమే లక్ష్యం" అన్న మాట ఏ పత్రం నుంచి వచ్చిందో దానిలోనే రెండో సగం కూడా ఉంది. 2021లో ప్రపంచ నిపుణులు ఈ జబ్బులకు చికిత్స లక్ష్యాలను తిరగరాశారు. అందులో పేగు మానడం పక్కనే, రోగి మామూలు జీవితం తిరిగి రావడం, పనిపాటలకు అడ్డం లేకపోవడం కూడా దీర్ఘకాలిక లక్ష్యాలుగా చేర్చారు. మొదటిది కెమెరాలో కనిపిస్తుంది. రెండోది అడిగితే తప్ప తెలియదు.

పైగా ఇష్టాలు అడగకపోతే ఏమవుతుందో నేను రోజూ చూస్తాను. తలాడించి చీటీ పట్టుకుని వెళ్తారు. మందు మాత్రం వాడరు.

---

గోదావరి గట్టు – సోమవారం, ఉదయం 6:20

తెల్లకోటు కాదు గారు రాసిన ఆఖరి మాట నన్నే చూసి రాసినట్టుంది. చెప్పేస్తాను.

మొదట్లో నా జబ్బు పెద్దపేగు చివరి భాగంలోనే ఉండేది. రాత్రి పడుకునే ముందు మెసలమిన్ ఎనిమా (మలద్వారం గుండా ఎక్కించుకునే ద్రవ మందు) పెట్టుకోమన్నారు. అలాంటి చోటికి మాత్రల కంటే అదే బాగా పనిచేస్తుందని వివరంగానే చెప్పారు. మా ఇంట్లో రెండు పడకగదులు. స్నానాలగది ఉన్నది అత్తయ్య, మామయ్యల గదిలో. రెండోది వంటింటి వెనక. ఎనిమా పెట్టుకున్నాక ఎడమ వైపు తిరిగి అరగంట కదలకుండా పడుకోవాలి. ఆ అరగంటలో అత్తయ్య పాలు తోడు పెట్టమంటారు, మామయ్య బీపీ మాత్ర అడుగుతారు, వాకిలి గడియ వేశావా అంటారు. లేచానా, అంతా వృథా, దుప్పటి కూడా. నాలుగు రోజులు ప్రయత్నించి మానేశాను. ఖాళీ సీసా ఎక్కడ పారేయాలన్నది మరో తలనొప్పి. బ్యాగులో పెట్టుకుని బ్యాంకు దగ్గర చెత్తకుండీలో వేసేదాన్ని.

మూడు నెలల తరువాత డాక్టరు "ఎనిమా వాడుతున్నారా?" అంటే "వాడుతున్నాను, గుణం కనపడలేదు" అన్నాను. దాంతో స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఆయన తప్పు ఏమీ లేదు. నా అబద్ధానికి సరైన మందే రాశారు.

---

చిల్లర లేదు (సికింద్రాబాద్) – సోమవారం, మధ్యాహ్నం 3:30

నేను సిటీ బస్సులో కండక్టర్ని. పేరు చూసి నవ్వుకోండి, రోజూ రెండొందల సార్లు అనే మాట అదే.

డాక్టరు ప్రతిసారీ అడిగేది "రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారమ్మా?" నేను "నాలుగు" అంటాను. ఆయన "పరవాలేదు, పది నుంచి నాలుగుకు వచ్చింది" అని రాసుకుంటారు. ఎన్నిసార్లని కాదు సారూ, ఎప్పుడని అడగండి. ఆ నాలుగూ ఇంట్లో ఉన్నప్పుడైతే నేను మహారాణిని. అందులో ఒక్కటి రెండో ట్రిప్పులో, బస్సు నిండా జనం ఉండగా వస్తే?

చేతిలో టికెట్ మిషను, మెడలో క్యాష్ బ్యాగు. దాన్ని ఎవరికీ అప్పగించి దిగడానికి లేదు. నా రూటులో మూడు పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి ఉంది. ఒకదానికి ఎప్పుడూ తాళం. మా డ్రైవరన్న వయసులో పెద్దవాడు, నా ముఖం చూసి అర్థం చేసుకుని "ఇంజను వేడెక్కింది, రెండు నిమిషాలు" అని బండి ఆపుతాడు. ఆయన సెలవు పెట్టిన రోజు నేను పొద్దున్నుంచి ఏమీ తినను, నీళ్లు తాగను. అలా తినక, రక్తం పోయి, హిమోగ్లోబిన్ 7కి దిగింది. ఐరన్ మాత్రలు పడక నరానికి ఎక్కించారు.

కాబట్టి నా కాగితంలో మొదటి గీత: ఉదయం 5 నుంచి మధ్యాహ్నం 1 వరకు నా పేగు నా మాట వినాలి. తరువాత దాని ఇష్టం.

---

సూటిమాట – సోమవారం, సాయంత్రం 6:05

చిల్లర లేదు గారూ, మీరు చెప్పింది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ మగవాళ్లకు మాత్రం రోడ్డు పక్కన కూర్చోవడం తేలికని అనుకోకండి. అది మూత్రానికే చెల్లుతుంది. కొండాపూర్ ట్రాఫిక్‌లో ప్యాంటు మార్చుకునే పరిస్థితి నాకూ వచ్చింది.

---

చిల్లర లేదు – సోమవారం, రాత్రి 9:10

నిజమే బాబూ, ఆ కష్టానికి ఆడా మగా లేదు. కానీ ఆ రోజు మీరు మరో ప్యాంటు కొనుక్కుని ఆఫీసుకు వెళ్లి ఉంటారు. నేను డిపోకు వెళ్లి డ్యూటీ ఎందుకు దిగానో నలుగురు మగవాళ్ల ముందు చెప్పాలి.

---

సెలవు చీటీ (అనంతపురం) – సోమవారం, రాత్రి 10:48

నేను ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. ఇంతవరకు ఎక్కడా రాయని సంగతి ఇది.

పెళ్లయ్యాక మూడేళ్లు పిల్లలు లేరు. మా ఇంట్లో అందరి చూపూ నా భార్య మీదే. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, గొట్టాలు తెరుచుకున్నాయో లేదో చూసే పరీక్ష, నాగులచవితికి పుట్టకు పాలు, మా అమ్మ పెట్టించిన ఉపవాసాలు. ఇవన్నీ ఆమెకే. నన్ను ఒక్కరూ ఒక్క పరీక్ష చేయించుకోమనలేదు. నేనూ అడగలేదు.

నేను అప్పటికి ఐదేళ్లుగా ఈ పేగు జబ్బుకే సల్ఫాసలజిన్ మింగుతున్నాను. చవక, బాగా పనిచేస్తోంది, నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒకసారి మా డాక్టరు సెలవులో ఉంటే ఆయన స్థానంలో కూర్చున్న చిన్నవయసు డాక్టరమ్మ, చీటీ చూస్తూ "పిల్లలా?" అంది. "లేరు" అన్నాను. "ఈ మాత్ర వీర్యకణాలను తగ్గిస్తుందని ఎవరూ చెప్పలేదా?" అంది. మందు మారిస్తే రెండు మూడు నెలల్లో మామూలవుతుందని, మెసలమిన్‌కు మార్చింది. ఏడాది తిరిగేసరికి పాప.

మూడేళ్లు నా భార్య మోసిన మాటలు నా చీటీలో రెండు గీతల మందు వల్ల. ఇంటికి వచ్చి ఈ సంగతి మా అమ్మకు చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది. మగవాణ్ణి ఆ ప్రశ్న అడగరు, మగవాడూ చెప్పడు. నా కాగితంలో ఆ గీత ఉండేదే కాదు.

---

జడగంటలు (వరంగల్) – మంగళవారం, ఉదయం 8:15

మాస్టారూ, మీరు రాసింది మా హాస్టల్ గదిలో అందరికీ చదివి వినిపించాను.

నాది వేరే పాఠం. 22 ఏళ్లు, కొలైటిస్. అజాథయోప్రిన్ మొదలుపెట్టిన మూడో వారంలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. దువ్వెన పెడితే చాలు. పక్కన ఉన్న మా నాన్న "ప్రాణం ముఖ్యమా జడ ముఖ్యమా" అని కోప్పడ్డారు. చూస్తున్న డాక్టరు కూడా నవ్వి "మళ్లీ వస్తుందిలే" అన్నారు. నేను సిగ్గుపడి ఊరుకున్నాను. పది రోజులకు జ్వరం, నోట్లో పుండ్లు. రక్తపరీక్షలో తెల్లకణాలు 900. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు.

---

తెల్లకోటు కాదు – మంగళవారం, మధ్యాహ్నం 1:25

జడగంటలమ్మా, నువ్వు రాసింది ఇక్కడ పైన అతికించి పెట్టాల్సిన సంగతి.

ఆ మందును శరీరం విరిచే దారిలో NUDT15 అనే జన్యువు ఉంది. దానిలో తేడా తెల్లవారిలో అరుదు, మన ఆసియావాసుల్లో ఎక్కువ. పాత పుస్తకాల్లో టీపీఎంటీ అనే మరో జన్యువు పరీక్ష గురించే ఉంటుంది. మనవాళ్లకు ఈ NUDT15 పరీక్షే ఎక్కువ పనికొస్తుంది. ఆ తేడా ఉన్నవారికి మామూలు మోతాదు కూడా విషమై తెల్లకణాలు పడిపోతాయి. తొలి వారాల్లోనే విపరీతంగా జుట్టు ఊడటం దానికి ముందు గంట. అది అందచందాల ఫిర్యాదు కాదు, ప్రమాద సూచన. ఆ మందు మొదలుపెడితే తొలి రెండు నెలలు తరచుగా రక్తపరీక్ష తప్పనిసరి. వీలుంటే ముందే ఆ జన్యుపరీక్ష చేయించుకోవచ్చు.

సూటిమాట గారూ, పేగుకు ఆడా మగా తెలియదన్నారు కదా. ఎక్కడి మనిషో మాత్రం తెలుస్తుంది చూశారా.

---

సూటిమాట – మంగళవారం, మధ్యాహ్నం 2:00

ఒప్పుకున్నాను. మొదటి పాయింటు మీది.

---

ప్రకృతి ప్రసాదం – మంగళవారం, సాయంత్రం 4:40

[ఈ సందేశం తొలగించబడింది]

నిర్వాహకులు – మంగళవారం, సాయంత్రం 4:52

"41 రోజుల్లో పేగుపూత మాయం" అంటూ చూర్ణం అమ్మే సందేశాన్ని తీసేశాం. ఆయుర్వేదం గురించి చర్చించడానికి అభ్యంతరం లేదు. పేరు, దినుసులు లేని పొట్లాలు అమ్మడానికి ఇది చోటు కాదు. అలాంటి వాటిలో స్టెరాయిడ్ పొడి కలిపి ఉండవచ్చు. మొదటి వారంలో అద్భుతంగా పనిచేస్తే అనుమానించండి.

---

కోనసీమ అమ్మ (అమలాపురం) – మంగళవారం, రాత్రి 8:30

నేను రోగిని కాను, తల్లిని. మా అమ్మాయికి 24. క్రోన్స్. రెండు వారాలకొక ఇంజెక్షన్ పొట్ట మీద తనే వేసుకుంటుంది. ఏడాదిగా చక్కగా ఉంది, ఆరు కిలోలు బరువు పెరిగింది. ఇప్పుడు సంబంధాలు వస్తున్నాయి. అబ్బాయి వాళ్లకు చెప్పవద్దని మా ఆడపడుచులు అంటున్నారు. ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో పెట్టాలి, అత్తవారింట్లో దాచడం ఎలా? పెళ్లికి ముందు ఆపి, ఒక ఆరునెలలు గడిచాక మళ్లీ మొదలుపెడితే ఏమవుతుంది? కోప్పడకుండా చెప్పండి.

---

తెల్లకోటు కాదు – మంగళవారం, రాత్రి 9:20

కోప్పడను వదినగారూ. ఇది అడిగిన తల్లి మీరు మొదటివారు కాదు. చాలామంది అడగకుండానే ఆపేస్తారు.

ఆపవద్దు. రెండు కారణాలు. ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అలాంటి మందులు మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే శరీరం వాటికి యాంటీబాడీలు (ప్రతిరక్షకాలు) తయారుచేసుకుని, ముందులా పనిచేయకపోవచ్చు. ఏడాదిపాటు కాపాడుకున్న మందును పెళ్లి భోజనాల కోసం పోగొట్టుకోవడమే.

ఇంకొకటి, మీరు అడగనిది. రేపు అమ్మాయి కడుపుతో ఉంటే ఆ ఇంజెక్షన్ కొనసాగించవచ్చు. బిడ్డకు మందుకంటే తల్లి పేగు రగులుతూ ఉండటమే ఎక్కువ ప్రమాదం. కానీ బిడ్డ పుట్టగానే మన దగ్గర వేసే బీసీజీ టీకా మాత్రం ఆరు నెలలైనా వాయిదా వేయాలి. తల్లి మందు బిడ్డ ఒంట్లో కొన్నాళ్లు ఉంటుంది, బీసీజీ బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకా. ఆ సంగతి ప్రసవగదిలో ఉన్నవారికి తెలియాలంటే అత్తవారింటికి జబ్బు సంగతి తెలిసి ఉండాలి కదా. దాచిపెట్టిన జబ్బుకు అక్కడ ఎవరు నోరు తెరుస్తారు?

---

చిల్లర లేదు – మంగళవారం, రాత్రి 9:55

అక్కా, అమ్మాయిని ఒకసారి అడిగారా? ఆడపడుచులు ఏమన్నారో రాశారు, మీరు ఏమనుకుంటున్నారో రాశారు.

---

కోనసీమ అమ్మ – మంగళవారం, రాత్రి 11:30

అడగలేదమ్మా.

---

పాతబస్తీ చాయ్ (హైదరాబాద్) – బుధవారం, ఉదయం 7:10

సలాం, నమస్కారం. వయసు 46, గాజుల దుకాణం. పెద్దపేగు మొత్తం తీసేసి నాలుగేళ్లయింది, పొట్ట మీద సంచి ఉంది.

ఆపరేషన్ చేయాలని చెప్పాక నేను రెండేళ్లు ఒప్పుకోలేదు. డాక్టర్లు నేను కత్తికి భయపడుతున్నానని అనుకున్నారు. ఒకాయన ఖర్చుకు వెనకాడుతున్నానని సాయం చేసే ట్రస్టు పేరు కూడా చెప్పారు. మంచి మనిషి. కానీ నా భయం అది కాదు. రోజుకు ఐదు పూటల నమాజు. దానికి ముందు వజూ, అంటే శుద్ధి. సంచిలోకి నా ప్రమేయం లేకుండా మలం వస్తూనే ఉంటుంది. అలాంటి ఒంటితో ముసల్లా (నమాజు చాప) మీద నిలబడటం ఎలా? మసీదులో నా పక్కవాడికి వాసన వస్తే? నమాజు లేని బతుకు నాకెందుకు అనుకున్నాను. ఈ మాట ఏ డాక్టరూ అడగలేదు, నేను ఏ డాక్టరుకూ చెప్పలేదు.

ఆఖరికి రక్తం ఎక్కించాల్సి వచ్చిన రోజు మా బావమరిది ముఫ్తీ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఐదు నిమిషాల్లో తేల్చేశారు. తన అదుపులో లేని విసర్జన ఉన్నవాణ్ణి మాజూర్ అంటారు, అంటే మినహాయింపు ఉన్నవాడు. ప్రతి నమాజు వేళకు ఒకసారి వజూ చేసుకుంటే ఆ వేళంతా చెల్లుతుంది. ఐదు నిమిషాల జవాబు కోసం రెండేళ్లు రక్తం పోగొట్టుకున్నాను.

రంజాన్ ఉపవాసాల సంగతి వేరు. చిన్నపేగు సంచి ఉన్నవారికి నీళ్లు, ఉప్పు త్వరగా పోతాయి. మొదటి ఏడాది మొండిగా ఉండి కిడ్నీ మీదికి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఉండను, బదులుగా పేదవాడికి అన్నం పెడతాను.

ఇంకో మాట, అక్కాచెల్లెళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. మొదటి ఆరు నెలలు సంచి మార్చింది నా భార్యే. ముఖం ఒక్కసారి కూడా చిట్లించలేదు. అదే సంచి ఆమె పొట్ట మీద ఉంటే నేను మార్చేవాణ్ణా అని రాత్రిళ్లు ఆలోచిస్తాను. "మార్చేవాణ్ణి" అని గట్టిగా అనలేకపోతున్నాను.

---

తెల్లకోటు కాదు – బుధవారం, ఉదయం 10:40

భాయ్, మీ నిజాయితీకి దండం. నా అనుభవం కూడా చెబుతాను, ఇది లెక్క కాదు, కళ్లారా చూసినది మాత్రమే. సంచి మార్చడం నేర్పడానికి ఇంటివారిని రమ్మంటే, రోగి మగవాడైతే భార్యో తల్లో వస్తుంది. రోగి ఆడదైతే ఎక్కువసార్లు కూతురో చెల్లెలో వస్తుంది, లేదా తనే అద్దం పట్టుకుని నేర్చుకుంటుంది. భర్తలు బయట బల్ల మీద కూర్చుని బిల్లు కడతారు. కట్టరని కాదు, కడతారు.

అందుకే ఆడవాళ్లలో చాలామంది మొదట అడిగేది "చీర కుచ్చెళ్లు ఎక్కడ దోపాలి?" అని. మనకు చిన్న సంగతిగా అనిపిస్తుంది. సంచి చోటును ఆపరేషన్‌కు ముందు రోజే పెన్నుతో గుర్తు పెడతారు. ఆమెను చీరతోనే రమ్మని, కూర్చోబెట్టి, వంగమని, కట్టు పడేచోటు తప్పించి గుర్తు పెడితే ఆ ప్రశ్న తీరిపోతుంది. పంచె కట్టేవారికీ అంతే. అడగకుండా గుర్తు పెడితే బతుకంతా ఆ కట్టు కింద సంచి నలుగుతుంది.

---

లెస్టర్ తెలుగు (బ్రిటన్) – బుధవారం, మధ్యాహ్నం 4:15

ఈ ఊళ్లో గుజరాతీలు, పంజాబీలు ఎక్కువ. వలస వచ్చిన భారతీయుల్లో కొలైటిస్ స్థానికుల కంటే ఎక్కువగా ఉందని 1992లోనే ఇక్కడి వైద్యులు ప్రచురించారు. కాబట్టి "ఇది తెల్లవాళ్ల జబ్బు" అనేవారికి ఈ ఊరు చూపిస్తే చాలు.

నేను రాయదలచుకున్నది మా అత్తగారి గురించి. మాతోనే ఉంటారు, ఇంగ్లీషు రాదు. ఆసుపత్రిలో మా ఆయనే తర్జుమా చేసేవారు. ఒకసారి నేను వెంట వెళ్లాను. ఆవిడ తెలుగులో అన్నది: "తెలియకుండానే చీరకు అంటుతోంది నాయనా, అందుకే గుడికి మానేశాను." మా ఆయన డాక్టరుకు చెప్పింది: అమ్మకు కొంచెం అసౌకర్యంగా ఉందట. కొడుకు నోటితో ఆ మాట ఎలా చెబుతాడు, పాపం. ఆవిడా కొడుకు వింటున్నాడని అంతకంటే చెప్పలేదు. తరువాతిసారి ఆసుపత్రివారు ఇచ్చే దుబాసీని అడిగి పెట్టించాను. అరగంట మాట్లాడింది. ఏడాదిగా బాగానే ఉందనుకున్న మందు మార్చారు.

---

తమ్ముడినే (విశాఖపట్నం) – బుధవారం, రాత్రి 10:05

అక్కా, నేనే. నువ్వు లింకు పంపాక రెండు రోజులు చదువుతూ ఉన్నాను, ఇప్పుడు ఖాతా తెరిచాను.

నా కాగితంలో "ఉద్యోగం", "ఖర్చు" అని రాశానని చెప్పావు. అది రాసినప్పుడు పక్కన ఎవరున్నారో చెప్పలేదు. నాన్న. మందుల కోసం చీటీ పాట పాడిన మనిషి పక్కన కూర్చుంటే ఇంకేమి రాస్తాను?

ఉద్యోగం ముఖ్యమే. బండి మీద రోజుకు ఎనభై కిలోమీటర్లు తిరిగి షాపుల్లో ఆర్డర్లు రాసే పని. కానీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు అడిగి ఉంటే మొదటి గీత వేరే. రెండేళ్ల క్రితం మలద్వారం పక్కన పుండు కోసి గొట్టం పెట్టారు కదా. అప్పటినుంచి పెళ్లి అంటేనే భయం. సంసారానికి పనికొస్తానా లేదా అని. ఈ మాట నీతో కూడా అనలేదు. మగవాడివి, సంపాదించు, మిగతాది అదే సర్దుకుంటుంది అంటారు అందరూ. డాక్టరు కూడా "ఏం బ్రదర్, డ్యూటీ ఎక్కావా?" అనే అడుగుతారు.

మెత్తటి అన్నం, మిరియాల చారు మా అమ్మ విడిగా వండిపెడుతుంది. నీకు ఎవరు వండుతారని ఇప్పటిదాకా నాకు తట్టలేదు. అది కూడా రాయాలనిపించింది.

---

గోదావరి గట్టు – గురువారం, ఉదయం 5:50

ఒరేయ్. ఫోను చేస్తాను, తీయి.

---

సూటిమాట – గురువారం, ఉదయం 9:30

తమ్ముడూ, ఆ పుండు నాకూ ఉండేది. గొట్టం తీసి మూడేళ్లు. పెళ్లయింది, అంతా మామూలే. వివరాలు కావాలంటే ప్రైవేటు సందేశం పంపు. నేను కూడా డాక్టరును ఇది అడగడానికి ఏడాది తీసుకున్నాను. అంకెలవాణ్ణని గొప్పలు పోయాను గానీ ఆ అంకె ఏ రిపోర్టులోనూ లేదు.

---

గోదావరి గట్టు – (పదహారు రోజుల తరువాత) శనివారం, రాత్రి 9:15

ఏమయిందో చెప్పమని చాలామంది అడిగారు. కొత్త కాగితం రాసుకుని వెళ్లాను. ఈసారి రాసింది బ్యాంకులో, భోజనం విరామంలో. లోపలికి ఒంటరిగా వెళ్తానని మా ఆయనకు ముందే చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకున్నారు, కానీ బయటే కూర్చున్నారు.

మొదటి గీత: వచ్చే ఏడాది బిడ్డ కావాలి. రెండోది: స్టెరాయిడ్లతో ఉబ్బిన ముఖం వద్దు, మా ఆడపడుచు పెళ్లి ఫోటోల్లో నన్ను నేనే పోల్చుకోలేకపోయాను. మూడోది: ఎనిమా వాడలేదు, అబద్ధం చెప్పాను. నాలుగోది: కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండలేను, ఆ మాట మీరు మా అత్తయ్యకు చెప్పాలి.

డాక్టరు మూడో గీత దగ్గర ఆగారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మొదటి గీత కింద పెన్నుతో గీసి, "పోయినసారి మీ వారు టోఫాసిటినిబ్ చవక కదా, అదే ఇవ్వండి అన్నారు. నేనూ సరేనన్నాను. బిడ్డ కావాలనుకునేవారికి అది ఇవ్వం. ఈ గీత లేకపోతే అదే రాసి ఉండేవాణ్ణి" అన్నారు.

క్షయ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయి, లోపల దాగిన క్షయ లేదు. అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలైంది. మన దేశంలో 2014లోనే దానికి చవక రూపం వచ్చింది కాబట్టి ఖరీదు ఒకప్పటి అంత కాదు, అయినా మా ఇద్దరి జీతాల్లో బరువే. ఆరు నెలలు పేగు చల్లబడ్డాకే బిడ్డ సంగతి అన్నారు.

నాలుగో గీతకు ఆయన చీటీ మీద తెలుగులో "ఉపవాసాలు నిషేధం" అని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివి, "డాక్టరు గారే రాశాక ఇంకేముంది, నీ సోమవారాలు కూడా నేనే ఉంటాను" అన్నారు. ఆవిడకు షుగరు. ఆ సంగతి మళ్లీ వేరే చర్చ.

ఇంజెక్షన్ పెట్టెలు ఫ్రిజ్‌లో కూరగాయల అర పైన ఉన్నాయి. దాచలేదు. మా ఆయనే గోంగూర పచ్చడి సీసా కిందికి దించి చోటు చేశారు.

---

కోనసీమ అమ్మ – శనివారం, రాత్రి 10:40

అమ్మాయిని అడిగాను. ముందు అబ్బాయితో తనే మాట్లాడతానంది. రేపు ఆదివారం వస్తున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

---

చిల్లర లేదు – శనివారం, రాత్రి 10:52

వచ్చినవాళ్లకు కాఫీ మీరివ్వండి అక్కా, మాట తనకు వదిలేయండి. సోమవారం ఏమయిందో రాయండి. నాకు మొదటి ట్రిప్పు ఐదింటికి, అంతకు ముందే చూస్తాను.